పర్మిట్ వచ్చింది, ధైర్యం రాలేదు

యూటాలోని జయాన్ నేషనల్ పార్క్‌లో ఏంజెల్స్ ల్యాండింగ్ ఎక్కాలంటే కాళ్లలో బలం కంటే ముందు అదృష్టం ఉండాలి. 2022 ఏప్రిల్ నుంచి చివరి అర మైలుకి లాటరీలో పర్మిట్ రావాల్సిందే. నాకు రెండుసార్లు రాలేదు. మూడోసారి, సరిగ్గా అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు, వచ్చింది. నాన్న పేరూ కలిపే అప్లై చేశా. సోఫాలో కూర్చుని అప్లై చేసేటప్పుడు ధైర్యానికేం తక్కువ?

అమ్మ హోటల్లోనే ఉండిపోయింది. మేమిద్దరం పొద్దున్నే షటిల్ ఎక్కి గ్రోటో స్టాప్‌లో దిగాం. వర్జిన్ నది వంతెన దాటాక ఎక్కుడు మొదలు. రానూపోనూ 5.4 మైళ్లు, ఎక్కాల్సిన ఎత్తు దాదాపు 1,500 అడుగులు. మధ్యలో రెండు కొండల సందులోంచి వెళ్తాం. ఎండ పెద్దగా పడదు, చల్లగా ఉంటుంది. పేరు కూడా రిఫ్రిజిరేటర్ కాన్యన్! ఆ తర్వాత వాల్టర్స్ విగిల్స్. నిట్టనిలువు కొండకి దారిని మడతలు మడతలుగా అతికించినట్టు 21 మలుపులు. పార్క్ మొదటి సూపరింటెండెంట్ వాల్టర్ రూష్ పేరు మీద అలా పిలుస్తారు. నేను ఐదో మలుపులోనే నీళ్ల బాటిల్ తీశా. ఏటా అలిపిరి మెట్లెక్కే నాన్న మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూనే ఉన్నారు.

"మోకాళ్ల పర్వతం కంటే నయమే రా."

పైన స్కౌట్ లుకౌట్. అక్కడిదాకా పర్మిట్ అక్కర్లేదు. అక్కడి నుంచే గొలుసులు. ఎదురుగా గోడలాంటి సన్నటి రాతి గట్టు, కొన్నిచోట్ల రెండు పక్కలా వెయ్యి అడుగుల లోతు. జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. వీడియోల్లో ఎన్నిసార్లు చూశానో! వీడియోలో గాలి తగలదు కదా.

గొలుసు పట్టుకుని పది అడుగులు వేశా. అరచేతుల్లో చెమట.

"నాన్నా, నీ మోకాళ్లకి కష్టం. వెనక్కెళ్దాం."

ఆయన నా చేతుల వంక చూశారు. "నా మోకాళ్లు బాగానే ఉన్నాయి. భయమేస్తే భయమేస్తోందని చెప్పు. నా మీద పెడతావేంట్రా?"

ఆఫీసులో ఏ డెడ్‌లైన్ ఇచ్చినా 'అయిపోతుంది' అనడం అలవాటైన నోరు. కాసేపు పట్టింది.

"భయమేస్తోంది."

"సరే, పద."

స్కౌట్ లుకౌట్‌లో కూర్చుని, మీదకొచ్చే ఉడతల్ని అదిలిస్తూ పులిహోర తిన్నాం. వాటికి తిండి పెట్టకూడదు. నాన్న ఆ గట్టు వైపు చూస్తూనే ఉన్నారు. వెళ్లాలని ఉందా అని అడిగా. "ఉంది" అన్నారు, ఇంకో ముద్ద తింటూ.

సాయంత్రం హోటల్‌కి రాగానే అమ్మ అడిగింది, "పైదాకా వెళ్లారా?"

నేను నోరు తెరిచేలోపే నాన్న షూస్ విప్పుతూ, "ఎక్కడే, నా మోకాళ్లు పట్టేశాయి" అన్నారు.