స్కానింగును గూర్చిన భ్రమ

గర్భవతికి మూడవ మాసమున స్కానింగు చేయించి, బిడ్డ చక్కగా నున్నదని వైద్యురాలు చెప్పగానే యింటిల్లిపాదియు సంతోషింతురు. సంతోషింపవలసినదే. కాని యా మాటలో థలసీమియా భయము లేదను హామీ కూడ నిమిడియున్నదని విద్యావంతులు సైతము నమ్ముచున్నారు. ఈ నమ్మకమును మే మంగీకరింపజాలము.

ఆ యంత్రము చూపునది యవయవముల రూపమును. రక్తము యొక్క గుణమును గాదు. ఆల్ఫా థలసీమియాలో మిక్కిలి తీవ్రమైన రకమున శిశువు గర్భమునందే రక్తహీనమై, 12, 13 వారములకే గుండె పెద్దదగుటయు మావి దళసరి యగుటయు తెరమీద గానవచ్చును. ఆ వ్యాధి మెండుగా నున్న హాంకాంగు, దక్షిణ చైనాలలో స్కానింగు నిందుకై వాడుట సముచితమే. మన దేశమున విశేషముగా కుటుంబములను గ్రుంగదీయునది బీటా థలసీమియా. గర్భస్థశిశువు రక్తమునందలి హెమోగ్లోబిను వేఱు. దానికి బీటా గొలుసుతో బనిలేదు. కావున నా శిశువు కడుపులో నున్నన్నాళ్లు కొఱత లేక పెరుగును. పుట్టిన కొన్ని మాసములకుగాని పాలిపోవుట మొదలుకాదు. పిదప నెల తిరుగకుండనే రక్త మెక్కించుచు నుండవలెను. సికిల్ సెల్ వ్యాధియు గర్భమున నిట్లే దాగియుండును. లేని గుర్తును యంత్ర మెట్లు చూపును?

తెలుపగలది తల్లిదండ్రుల రక్తపరీక్ష. హెమోగ్లోబిను ఏ2 3.5 శాతమునకు మించినవారు సాధారణముగా బీటా థలసీమియా వాహకులు. వారికి రోగబాధ యుండదు, అందుచేతనే యెఱుగరు. ఇరువురును వాహకులైనచో ప్రతి గర్భమునందును బిడ్డకు వ్యాధి సంక్రమించు నవకాశము నూటికి 25 పాళ్లు. అప్పుడు 11 మొదలు 13 వారములలో మావినుండి రవంత కణజాలము తీసి పరీక్షింపవచ్చును. 1994వ సంవత్సరపు చట్టము లింగనిర్ధారణమును నిషేధించినది గాని యీ పరీక్షను గాదు.

"మావాడు గుండ్రాయివలె నున్నాడు, పరీక్ష యేదో కోడలికే చేయింపుడు" అను అత్తగార్లను మే మెఱుగుదుము. బిడ్డకు సంక్రమించు దోషములో సగము ఆ గుండ్రాయి వలననే వచ్చునని వారికి జెప్పువా రెవరు? మేనరికపు సంబంధములలో నొకే తాతనుండి దోషము దంపతు లిరువురకును దిగివచ్చుట మఱింత సులభము. ఆస్తి చెదరదని మురియువా రీ సంగతి దలపరు.

సైప్రసు ద్వీపమున 1980 దశకము మొదలుకొని క్రైస్తవ పురోహితులు రక్తపరీక్షాపత్రము చూడనిదే వివాహము జరుపరు. పెండ్లి మానుకొమ్మని వారనరు, తెలిసికొని చేసికొనుమందురు. మనవారు నక్షత్రము, నాడి, గణము మొదలుగా అన్నియు చూపించుకొందురు గాని, వధూవరుల వ్రేలినుండి నాలుగు చుక్కల రక్త మడిగినచో వంశమర్యాదకు భంగమట!