పారిపోయిన పట్టణమునకు ఒక ఫలకము

విశాఖపట్టణపు రామకృష్ణా బీచి వెంబడి సాయంకాలము నడచువానికి యుద్ధమును స్మరింపజేయు వస్తువులకు కొదువ లేదు. 1971 నాటి నౌకావిజయమునకు గుర్తుగా నిలిపిన స్మారక మొకటి, 2002 నుండి ఒడ్డున నిలిచి సందర్శకులను తన గర్భములోనికి రానిచ్చుచున్న కురుసుర జలాంతర్గామి యొకటి, దాని కెదురుగా 2017లో వచ్చి చేరిన టి.యు. 142 విమాన మొకటి. సెలవుదినములలో వీని ముందు టికెట్టు కొఱకు బారులు తీరు కుటుంబములను చూచి సంతోషింపనివా డుండడు. కాని అదే తీరమున, అదే ఇసుకలో, రెండవ ప్రపంచయుద్ధ కాలమున కట్టిన కాంక్రీటు బంకరులు, కెరటములు ఒడ్డును కోసినప్పుడు బయటపడుచు, ఇసుక మేట వేసినప్పుడు మఱుగుపడుచు, ఒక ప్రక్కకు ఒరిగి యున్నవి. వాని నానుకొని ఫొటోలు తీయించుకొనువారే గాని, ఇవి ఎవరికి వెఱచి కట్టినవి, ఆనాడు ఈ వీధులలో కాపురమున్న జనులు ఏమైరి అని విచారించువారు అరుదు.

విచారింపకపోవుటలో జనుల తప్పు కొంచెమే. యుద్ధమును గూర్చి మనము నిలుపు చిహ్నములన్నియు ఆయుధము చుట్టును, దానిని పట్టినవాని చుట్టును తిరుగును గాని, బియ్యము దొరకక, రాత్రి దీపము వెలిగింపరాక, బిడ్డను చంకనెత్తుకొని ఏ బంధువు గడప త్రొక్కవలెనో తోచక తిరిగిన సంసారికి ఆ చరిత్రలో పీట వేయువారు లేరు. అందునను విశాఖ కథ మఱింత ఇబ్బందియైనది, ఏలయన 1942లో ఈ పట్టణము శత్రువున కెదురు నిలువలేదు, నిలువగల సాధనములును దానికి లేవు, అది పారిపోయినది. పారిపోయిన ఊరికి స్మారకమేమిటని పెద్దలు నవ్వవచ్చును. నవ్విన నవ్వుదురుగాక, అట్టి స్మారకమే మనకిప్పుడు కావలసినదని నా అభిప్రాయము.

రంగూనుపై బాంబులు పడిన 1941 డిసెంబరు 23వ తేదీనాడే యుద్ధము తెలుగుతీరమును తాకినదని చెప్పవలెను. తీరపు జిల్లాలనుండి ఓడలెక్కి పోయి, రంగూను రేవులోను ధాన్యపు మిల్లులలోను కాయకష్టము చేసి, అచ్చటివారిచేత కోరంగీలని పిలిపించుకొనిన తెలుగు కూలీలు, తక్కిన భారతీయులతో కలిసి, ఓడలో చోటు దొరకినవారు ఓడలలోను, దొరకనివారు అడవులును కొండలును దాటి కాలినడకను స్వదేశమునకు మరలిరి. ఆ విధముగ బర్మా విడిచినవారు సుమారు 5 లక్షలు. కలరాకును మలేరియాకును ఆకలికిని దారిలోనే బలియైనవారు వేలకొలది. మార్చి 8న రంగూను జపానువారి వశమైనది, అదే నెల 23న అండమాను ద్వీపములును పోయినవి. పటము చూడ నేర్చిన ప్రతివానికిని తరువాతి వంతు ఎవరిదో బోధపడియే యుండును. ఏప్రిల్ 5, ఈస్టరు ఆదివారమున కొలంబోపై దాడి జరుగగా, మఱునాడు ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖ రేవుమీదను కాకినాడమీదను బాంబులు వేసినవి. ఆ కొలది దినములలోనే బంగాళాఖాతమున 20కి పైగా వర్తకనౌకలు మునిగినవి.

యుద్ధచరిత్రలు వ్రాసినవారు ఈ దాడికి ఒకటి రెండు వాక్యములకంటె వెచ్చింపరు. లండనులోను టోకియోలోను పడినవానితో పోల్చినచో విశాఖపై పడినవి బాంబులే కావని వారి తలంపు కాబోలు. కాని ఊరివాని లెక్క వేఱుగ నుండును. బాంబు పడినచోటు ఒక మూలయైనను, రేపు మఱల పడునేమో యను శంక ప్రతి యింటను పడును. బండి కట్టగలిగినవారు బండిమీదను, రైలులో కాలు మోప సందు దొరకినవారు రైలులోను, ఏ సాధనమును లేనివారు మూటలు నెత్తిని పెట్టుకొని కాలినడకను లోపలి పల్లెలకు తరలిరి. పాలకులును ఈ విషయమున ప్రజలకు తీసిపోలేదు. మదరాసులో ఆ నెలలోనే పనిలేనివారందఱు నగరము విడిచి పొండని చెప్పి, కార్యాలయములను లోనాడులకు మార్చి, బాంబు తగిలి బోనులు పగిలినచో ఏమగునో యను భయముచే పీపుల్స్ పార్కు జంతుశాలలోని క్రూరమృగములను కాల్చి చంపించిరి. జపాను సైన్యము మదరాసునకు రానే లేదు, మృగములు మాత్రము చచ్చినవి.

విశాఖలో ఆ భయము ఎంత దూరము వ్యాపించెనో తెలియుటకు రెండు సంస్థల కథ చాలును. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులుగా నున్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తన భవనములను సైన్యమునకు విడిచి గుంటూరునకు తరలిపోయినది. కొండమీది తరగతి గదులలో సైనికులు విడిది చేయుచుండగా, విద్యార్థులు సముద్రపు గాలి సోకని ఊరిలో అద్దె యిండ్లు వెదకుకొనవలసి వచ్చెను. పరిషత్తు తన తీరమునకు మరలి వచ్చుట యుద్ధము ముగిసిన పిమ్మటనే. రెండవది సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాల. బాబూ రాజేంద్రప్రసాదు 1941 జూన్ 21న దానికి శంకుస్థాపన చేసిరి. ఏడాదియైనను నిండకమున్నే బాంబులు పడుటచే పనులు చెదరి, యంత్రసామగ్రి బొంబాయికి తరలినది. విశాఖలోని ఆ శాలలో కట్టిన తొలి ఓడ, జల ఉష, 1948 మార్చి 14న నెహ్రూ చేతులమీదుగ నీట దిగినది. ఓడ దిగిన దినము పాఠ్యపుస్తకములలో కలదు, అంతకు ముందు ఆ స్థలము నుండి మనుష్యులు పోయిన దినము లేదు.

తక్కిన కష్టములు విశాఖకే ప్రత్యేకములు కావు గనుక త్వరగా చెప్పి ముగించెదను. బర్మా బియ్యము రాకపోవుటచే ధరలు మండినవి, కిరసనాయిలు గగనకుసుమమైనది. లోహపు కొరతచే 1943 నుండి నడుమ రంధ్రముతో ముద్రించిన చిల్లుకానీలు నేటికిని కొందఱి పాతపెట్టెలలో దొరకును. ముడి ఫిల్ము చాలక చలనచిత్రము 11,000 అడుగులు మించరాదని ప్రభుత్వము శాసించెను. ఈ యొక్క శాసనమును మాత్రము యుద్ధానంతరము కూడ ఉంచియుండిన బాగుండెడిదని, అటుపిమ్మటి చిత్రములను కొన్నింటిని చూచినప్పుడు తోచకపోదు.

అసలు ప్రశ్న మఱియొకటి. పారిపోవుట యందఱికి సాధ్యమా? లోనాడున భూమియో, మేనమామ ఇల్లో, కనీసము కొన్ని నెలలు కూర్చుండి తినుటకు నిలువ ధనమో ఉన్నవాడు పోగలడు. రేవులో మూటలు మోయు కూలివానికి రేవు విడిచిన కూలి లేదు. వల తప్ప ఆస్తి లేని జాలరికి, సముద్రము కనబడని పల్లెలో చేయదగిన పనియే లేదు. వీధులు ఊడ్చువానిని, రైలు నడుపువానిని, తంతి కొట్టువానిని పొండని ఎవరును చెప్పియుండరు. కావున పట్టణము పారిపోయినదన్న మాటలో పోయినవారు ఎవరు, మిగిలిపోయినవారు ఎవరు అని విడదీసి చెప్పగలిగిననే నేను కోరు స్మారకఫలకము చరిత్ర యగును. లేనిచో అది శృంగారించిన రాయి మాత్రమే.

ఇట్టి చేదు నిజమును రాతిమీద వ్రాయుట కుదరునా యని సందేహించువారికి లండను నగరమందలి బెత్నాల్ గ్రీన్ చూపదగినది. 1943 మార్చి 3 రాత్రి అచ్చటి భూగర్భ రైలుస్టేషనునకు జనులు తలదాచుకొన వచ్చుచుండగా, సమీపపు పార్కునుండి క్రొత్తరకపు విమాన విధ్వంసక రాకెట్లు పేలిన ధ్వని విని, శత్రువు బాంబులే యనుకొని, తడిసిన మెట్లమీద గుడ్డి వెలుతురులో ఒకరిమీద నొకరు పడి 173 మంది ఊపిరాడక మరణించిరి. వారిలో 62 మంది పసివారు. ఆ చోట ఒక్క బాంబైనను పడలేదు. ద్వారమును బాగుచేయుటకు స్థానిక పాలకవర్గము అంతకు ముందే ధనమడుగగా పై అధికారులు నిరాకరించిరి. విచారణ జరిగియు దాని నివేదికను యుద్ధము ముగియువఱకు బయటపెట్టలేదు. 2017లో పూర్తియైన స్మారకము, ఆ మెట్లవరుసనే తలక్రిందులుగా కొయ్యతో మలచి, స్టేషను ద్వారము ప్రక్కన ఎత్తున నిలిపినది. ప్రతిదినము రైలెక్కువారు దానిని చూచుచునే పోవుదురు. బ్రిటిషు ప్రజల ధైర్యమును గూర్చి ఇంతకాలము విన్న కథల సరసన ఈ కథ నిలుచుటచే ఆ ధైర్యమునకు కలిగిన లోపమేమియు నాకు కనబడలేదు.

కాలిఫోర్నియాలోని రిచ్మండు మఱియొక పాఠము. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు చుట్టుప్రక్కల నున్న పిల్లలను చూచుటకు మన ప్రాంతములనుండి పోవు తల్లిదండ్రులు గోల్డెన్ గేటు వంతెనను చూడక మరలి రారు. అచ్చటికి కొలది దూరములోనే యున్న ఈ చోటిని చూచి వచ్చినవారిని అడిగి తెలిసికొనవలసినదే. యుద్ధకాలమున కైజరు కంపెనీవారి నాలుగు యార్డులు ఇచ్చట 747 ఓడలు కట్టినవి, 24 వేలకు లోపుగ నుండిన జనసంఖ్య లక్షకు ప్రాకినది, అంతకు మున్ను ఇల్లు కదలని స్త్రీలు వెల్డింగు గొట్టము చేతబట్టిరి. 2000 సంవత్సరమున అమెరికా ప్రభుత్వము ఈ ప్రదేశమును, యుద్ధకాలపు స్త్రీ కార్మికులకు ప్రతీకయైన 'రోజీ ది రివెటర్' పేరిట, యుద్ధకాల పౌరజీవనమునకు అంకితమైన జాతీయ చారిత్రకోద్యానముగ ప్రకటించినది.

అయితే ఆ రోజీ తెల్లజాతి స్త్రీ యని, నల్లవారి కథ దానిలో ఇముడదని ఎత్తి చెప్పినది, 1921లో పుట్టిన బెట్టీ రీడ్ సోస్కిన్ అను ఆఫ్రికన్ అమెరికన్ మహిళ. యుద్ధకాలమున ఆమె నల్లవారికై వేఱుగ నడపిన కార్మికసంఘ కార్యాలయములో గుమాస్తా. ఉద్యాన నిర్మాణపు ఆలోచనలలో పాల్గొని, పిదప అచ్చటనే రేంజరు ఉద్యోగమున చేరి, నూఱేండ్లు నిండిన పిమ్మట 2022లో విరమించువఱకు, సందర్శకులకు తాను చూచినదియు, తనను చూడనీయనిదియు చెప్పుచు వచ్చినది. ఆమె పట్టుదల ఫలముగ, ఓడల సంఖ్య వినవచ్చినవారు 1944 జూలై 17న అదే రాష్ట్రమందలి పోర్టు షికాగో రేవులో మందుగుండు ప్రేలి 320 మంది చచ్చిన సంగతియు, మృతులలో అధికులు సరకు నెత్తు నల్లజాతి నావికులే యను సంగతియు, ఆ పనికి మఱల పోమన్న 50 మందిని తిరుగుబాటుదారులని శిక్షించిన సంగతియు విని పోవలసివచ్చినది. వారు నిర్దోషులని నౌకాశాఖ ఒప్పుకొన్నది 2024లో.

మన విశాఖకు బెట్టీవంటి సాక్షి ఇంకను దొరకునా? 1942లో పదేండ్ల పిల్లవాడు నేడు తొంబది దాటినవాడు. వెదకుటకు ఆలస్యము చేయరాదు. 1971 డిసెంబరులో, పాకిస్తానువారి ఘాజీ జలాంతర్గామి రేవు వెలుపల మునిగిన దినములలో, కిటికీ అద్దములకు కాగితము లంటించి చీకటిలో అన్నము తిన్న బాలబాలికలు మాత్రము అఱువది దాటి మనమధ్యనే యున్నారు. వారి మాటలనైన ఇప్పుడే వ్రాసిపెట్టవచ్చును. బీచి రోడ్డున పాత డచ్చి బంగళాలోని విశాఖ మ్యూజియమున ఆనాటి జపాను బాంబు ఒకటి భద్రముగ నున్నది. బాంబునకు గది దొరకినప్పుడు దానికి వెఱచి పోయినవారి మూటకు, రైలు టికెట్టునకు, గుంటూరునుండి వ్రాసిన జాబునకు ఆ ప్రక్కనే ఒక బల్ల దొరకకూడదా?

ఇది గొప్ప వ్యయమైన కార్యము కాదు, విమానమును తెచ్చి నిలుపుటకైన ఖర్చులో అత్యల్పభాగము చాలును. బంకరును ఇసుక కోతనుండి నిలుపు కట్టడము, దాని ప్రక్క తెలుగున వ్రాసిన ఒక శిలాఫలకము, ఏటేట ఏప్రిల్ 6న బడిపిల్లలను అచ్చటికి తీసికొనిపోవు ఏర్పాటు, ఇంతే. ఫలకముమీద వ్రాయవలసిన మాటలు నిర్ణయించుటకు సభ కూర్చినప్పుడు నౌకాదళపువారిని, విశ్వవిద్యాలయపువారిని పిలువక మానరు గదా. వారితోపాటు జాలరిపేటనుండియు, రేవు కూలీల వాడలనుండియు పెద్దలను పిలిచి, మొదటి మాట వారినే చెప్పనీయవలెను.