గాలి కుదిరే దాకా

లిన్, ల్యారీ పార్డీ దంపతులు సుమారు 24 అడుగుల తెరచాప పడవ ‘సెరాఫిన్’ను సొంత చేతులతో కట్టుకుని, 1968లో కాలిఫోర్నియా తీరాన నీళ్లలోకి దించారు. ఇంజిను లేదు. గాలి పడిపోతే నిలబడి పొడవాటి తెడ్డు వేయడమే. రాత్రికి నూనె దీపం, దారికి సెక్స్‌టెంట్. తర్వాత కట్టుకున్న ‘టాలీసిన్’కూ ఇంజిను పెట్టలేదు. మొదటిదాంట్లో తూర్పుగా, రెండోదాంట్లో పడమరగా భూగోళం చుట్టివచ్చారు.

దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలం. అప్పుడు ఇలాంటి పడవల వాళ్లు న్యూజిలాండ్ వంటి చోటికి దిగిపోయి, గాలి కుదిరే దాకా ఆగాలి. వాళ్ల తెగువ కన్నా ఇద్దరూ కలిసి ఆగగలిగిన ఆ ఓపికే నాకు గొప్పగా తోస్తుంది. ల్యారీ 2020లో కన్నుమూశారు.

సముద్రం మీది కాపురాలకే ఈ సంచిక. పక్కన ప్రపంచ పటం పెట్టుకుని చదవండి.