కత్తి వేరు, కోడి వేరు

సంక్రాంతి మూడు రోజులూ భిలాయ్‌లోని మా రుఆబాంధా సెక్టారులో తెలుగువాళ్ల క్వార్టర్లు ఏవో ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి వాకిట్లో ముగ్గు, ముగ్గు మధ్యలో గొబ్బెమ్మ. అరిసెల పాకం వాసన పక్కింటి ఛత్తీస్‌గఢీవాళ్లకీ ఎదురింటి బెంగాలీవాళ్లకీ పండగ కబురు చెప్పేస్తుంది. కోడిపందెం మాత్రం ఇక్కడ ఉండదు. అది ఫోన్లో వస్తుంది. భోగి నాడు పొద్దున్నే భీమవరం దగ్గర మా అమ్మ పుట్టింటి ఊరి నుంచి వీడియో మొదలవుతుంది. షామియానాలు, జనం, మధ్యలో బరి, ఎదురెదురుగా రెండు పుంజులు. మా ఇంట్లో సగం మంది ఫోన్ చుట్టూ మూగుతారు, సగం మంది లేచి వంటింట్లోకి వెళ్లిపోతారు. నేను ఏళ్లుగా ఆ రెండు గుంపుల మధ్య గడప మీదే నిలబడి ఉన్నాను. రెండు వైపులా చెప్పేవాటిలో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో ఒకసారి తూచి చూడాలని ఇది రాస్తున్నాను.

ముందుగా పందెం వైపువాళ్ల మాట వినాలి. చదువుకున్నవాళ్లం దాన్ని సరిగా వినకుండానే కొట్టిపారేస్తాం.

మా పెద్దమామయ్య కొడుకు పుంజుల్ని పెంచుతాడు. వాటికి అతను చేసే సేవ చూస్తే, అది జూదరి పని అని ఎవరూ అనలేరు. తెల్లవారుజామున లేపి నడిపించడం, చెరువులో ఈత కొట్టించడం, ఒళ్లు కాపడం, బాదం, జీడిపప్పు, ఉడికించిన గుడ్డు, కైమా లెక్క ప్రకారం పెట్టడం. రంగును బట్టి పేర్లు: ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతు. నెమలి, పర్ల, సవల, పింగళ, మైల అంటూ ఆ పట్టీ ఇంకా సాగుతుంది. కోడి ఈకను ఇంత పట్టి చూసిన మాటలు మన భాషలో ఉన్నాయి. ఏ వారం, ఏ నక్షత్రం రోజున ఏ రంగు ఏ రంగు మీద గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం చిన్న పుస్తకంగా ఇప్పటికీ అమ్ముడవుతుంది. దాని జోస్యం నేను నమ్మను. కానీ ఒక పక్షిని ఇంత దగ్గరగా, ఇన్ని తరాలు చూసిన కళ్లు ఆ పుస్తకం వెనక ఉన్నాయని మాత్రం ఒప్పుకుంటాను.

చరిత్రా చిన్నది కాదు. పన్నెండో శతాబ్దపు పల్నాడులో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు పందెం కట్టిన కథ తెలియని తెలుగువాడు అరుదు. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలన్నది షరతు. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మది శివంగి డేగ. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఆ కోళ్ల పేర్లు మనకు గుర్తున్నాయి. కారెంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే పల్నాటి వీరుల ఉత్సవాల్లో ఒక రోజు పేరే కోడిపోరు. అయితే ఆ కథను పందేనికి మద్దతుగా చెప్పేవాళ్లు దాని చివర మర్చిపోతారు. పందెంతో మొదలైంది కారెంపూడి యుద్ధభూమిలో తేలింది. మన సంస్కృతి కోడిపందేన్ని గుర్తుపెట్టుకున్నది గొప్పగా కాదు, నష్టంగా.

ఇంకో సంగతి ఇక్కడ భిలాయ్‌లో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. కోడిపందెం గోదావరి జిల్లాల సొత్తు మాత్రమే కాదు. మా స్టీల్ ప్లాంటుకు ఇనుపరాయి వచ్చే దల్లీ రాజహరా దాటి ఇంకా దక్షిణానికి, బస్తర్ వైపు వెళితే, వారపు సంతల్లో ముర్గా లడాయి కనిపిస్తుంది. కూరగాయలు, ఇప్పపువ్వు, ఉప్పు, ఓ పక్కన కర్రల దడి కట్టిన బరి. కాలికి కట్టే కత్తిని అక్కడ 'కాతీ' అంటారు. మన కత్తికీ వాళ్ల కాతీకీ చుట్టరికం వినగానే తెలిసిపోతుంది. పక్షి జాతీ ఒకటే. అసీల్ కోడికి సొంత నేల ఏదంటే ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అనే చెబుతారు. బస్తర్‌లో ఓడిన కోడి గెలిచినవాడికి పోతుంది, రాత్రికి కూరవుతుంది. అక్కడ పందెం సంతలో ఒక మూల. మా అమ్మ ఊరి బరి దగ్గరైతే సంతే పందెం కోసం వెలుస్తుంది. ఒకే ఆట అయినా, రెండు చోట్లా దాని బరువు ఒకటి కాదు.

ఇక చట్టం. 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ యాక్టులోనే బహిరంగ స్థలంలో పక్షుల్నీ జంతువుల్నీ పోట్లాటకు దింపడం నేరం. జంతువుల్ని ఒకదానిమీదికొకటి ఉసిగొల్పడం, అందుకు స్థలం నడపడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షను కింద కూడా నేరమే. కత్తి ఉన్నా లేకున్నా, డబ్బు కట్టినా కట్టకపోయినా, పోటీకి దింపడమే తప్పు. ఆంధ్రలో దీనికి తోడు 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఈ చట్టాల్ని గట్టిగా అమలు చేయాలని ఆదేశిస్తూ, ఆ బాధ్యత జిల్లా అధికారుల మీదా పోలీసుల మీదా పెట్టింది. చట్టం ఇంత స్పష్టంగా ఉంది. మరి ఆ మరుసటి సంక్రాంతికీ, ఆ తర్వాతి సంక్రాంతులకీ బరులు ఎందుకు వెలిశాయి?

ఒక కారణం శిక్ష. జంతుహింస చట్టం కింద మొదటి తప్పుకు పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే ఇరవై అయిదు నుంచి వంద, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. లక్షలు చేతులు మారే చోట యాభై రూపాయలు! 2014లో జల్లికట్టు తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టే ఈ శిక్షలు సరిపోవని, పార్లమెంటు సవరించాలని చెప్పింది.

రెండో కారణం మనుషులు. బరుల దగ్గర ప్రజాప్రతినిధులే ముందు వరుస కుర్చీల్లో కూర్చుంటారు. వాళ్ల ఎదుట కానిస్టేబులు లాఠీ ఎత్తగలడా? పందేన్ని సమర్థించేవాళ్లు ఇక్కడే ఒక న్యాయమైన మాట అంటారు: పెద్ద బరిని వదిలేసి, పొలం గట్టు మీద ఇద్దరు కూలీలు రెండు కోళ్లు వదిలితే పట్టుకుపోతారని. ఇది నిజం. బలహీనుడి మీదే పనిచేసే చట్టం ధర్మం మాట ఎత్తితే ఎవరూ వినరు.

వాళ్ల అసలు బలమైన వాదన ఇంకొకటి. కిందటి పండక్కి పుంజులు పెంచే ఆ బావే నన్ను అడిగాడు: "ఒరేయ్, మీ భిలాయ్‌లో ఆదివారం బ్రాయిలర్ తెచ్చుకుంటారు గదా. అది నలభై రోజులు బతుకుతుంది, ఒక్కసారి కూడా నేల మీద గీరదు. నా పుంజు రెండేళ్లు రాజాలా బతుకుతుంది. ఏది హింసరా?" నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, బ్రాయిలర్ షెడ్డు గురించి అతను చెప్పింది పూర్తిగా ఒప్పు. ఆ షెడ్డుకు సిగ్గుపడాల్సిందే. కానీ ఒక చోటి తప్పు ఇంకోచోటి తప్పును కడగదు. షెడ్డులో కోడి చావును మనం చూడం, అది మన తప్పు. బరిలో చావును చూడటానికే వస్తాం. బాధ వినోదమైన చోట ప్రశ్న వేరే అవుతుంది. రెండేళ్ల బాదం పప్పు ఆ ఒక్క నిమిషానికి ధర కాదు.

మా నాన్న మెషిన్ షాపులో పనిచేసినవాడు, ఇనుము తెలిసినవాడు. ఒకసారి అమ్మ పుట్టింటి ఊరు వెళ్లినప్పుడు కత్తుల పెట్టె తెరిచి చూపించారు. నాన్న ఒక కత్తి చేతిలోకి తీసుకుని, అంచు వెలుతురుకు పట్టి చూసి, "పనివాడు గట్టివాడే" అని తిరిగి ఇచ్చేశాడు. బరి దగ్గరికి మాత్రం రాలేదు. ఆ అంచు ఏం చేస్తుందో ఆయనకు తెలుసు. కోడి తన కాలికి సహజంగా వచ్చే ముల్లుతో జాగా కోసం పోట్లాడుకుంటుంది, ఓడినది పారిపోతుంది. కత్తి కట్టాక పారిపోయే దారి ఉండదు. మనిషికీ ఉండదు. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో కోడికి కట్టిన కత్తి తగిలి ఒక మనిషి రక్తం కారి చనిపోయాడు. పోలీసులు ఆ కోడిని స్టేషనుకు తీసుకెళ్లడం దేశమంతా వింతగా చెప్పుకుంది. పోయిన ప్రాణం సంగతి అంతగా చెప్పుకోలేదు.

కత్తి తీసేస్తే సరిపోతుందా? డింకీ పందేలంటూ కత్తి లేకుండా ఆడించేవాళ్లు ఉన్నారు. ఇక్కడ థాయ్‌లాండ్ సంగతి చూడాలి, ఎందుకంటే వాళ్లు నడిచిన దారి అదే. అక్కడ కోడిపందేనికి జాతీయ గౌరవమే ఉంది. పదహారో శతాబ్దంలో బర్మా రాజుల దగ్గర బందీగా పెరిగిన నరేసువాన్ యువరాజు కోడి బర్మా యువరాజు కోడిని ఓడించిందనే కథ వాళ్లకు స్వాతంత్ర్య కథతో సమానం. ఆయన గుళ్ల దగ్గర భక్తులు కోడిపుంజు బొమ్మలు మొక్కు చెల్లిస్తారు. 1935 నాటి జూదం చట్టం లైసెన్సు తీసుకుని పందెం ఆడించుకోనిస్తుంది. 2014లో జంతుహింస చట్టం తెచ్చినప్పుడు కూడా స్థానిక ఆచారంగా జరిగే పోటీల్ని మినహాయించారు. ముళ్లకు గుడ్డ చుట్టి విడతలు విడతలుగా ఆడిస్తారు. 2004లో బర్డ్ ఫ్లూ వచ్చాక పందెం కోళ్లకు పాస్‌పోర్టులు కూడా ఇచ్చారు. దాచిపెట్టి ఆడే ఆటకంటే వెలుతురులో ఆడే ఆట మేలన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కలో కొంత నిజం ఉంది. మన దొంగ బరుల్లో పశువైద్యుడూ ఉండడు, నియమమూ ఉండదు.

అయినా ఆ దారి మనకొద్దనే అంటాను. కత్తి లేని పందెం తొందరగా తెగదు. ముక్కులతో కళ్లు పొడుచుకుని, మెడలు చీరుకుని, మధ్యలో గాయాలకు కుట్లు వేయించుకుని మళ్లీ దిగుతాయి. చావు తగ్గుతుంది, బాధ పెరుగుతుంది. రెండోది డబ్బు. లైసెన్సు ఇచ్చిన చోట డబ్బు ఆచారం దగ్గర ఆగదు. ఫిలిప్పీన్స్‌లో కోడిపందెం ఎప్పటినుంచో చట్టబద్ధం. ఆన్‌లైన్లోకి వచ్చేసరికి అప్పులు, కేసులు, పందేల మనుషులు 30 మందికి పైగా కనిపించకుండా పోవడం. చివరికి 2022 మే నెలలో ఆ ప్రభుత్వమే ఆన్‌లైన్ పందేల్ని ఆపేసింది. మన దగ్గర కోడిపందెం పక్కనే గుండాట, కోతముక్క లాంటి జూదాలు ఎలా చేరాయో చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పొలం చదును చేసి, ఫ్లడ్‌లైట్లు, పెద్ద తెరలు పెట్టి రాత్రంతా నడిపేదాన్ని తాతల నాటి ఆచారం అనడం తాతలకే అవమానం.

జల్లికట్టుకు దారి దొరికింది కదా, మాకెందుకు లేదంటారు. 2023 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం జంతుహింస చట్టానికి తమిళనాడు చేసిన సవరణను నిలబెట్టిన మాట నిజమే. కానీ అది నిలిచింది, ఎద్దుకు బాధ తగ్గించేలా ఆట జరిపే తీరు మార్చారన్న కారణంతో. ఒక పక్షి పడిపోతేనే తేలే ఆటలో ఏ తీరు మార్చి బాధ తగ్గిస్తాం?

నా తీర్పు ఇది. బరి పోవాలి, కోడి ఉండాలి. ఇవి విడదీయలేనివని పెంపకందారులు భయపడతారు. పందెం లేకపోతే అసీల్ ఎవరు పెంచుతారని అడుగుతారు. ఆ భయం అర్థం లేనిది కాదు, ఇన్నాళ్లూ ఈ జాతిని కాపాడింది వాళ్లే. కానీ దారి ఇప్పటికే ఉంది. ఆంధ్రలో గిద్దలూరు వైపు చిలుకముక్కు, పొడవు తోక అసీల్ పుంజులకు అందాల పోటీలు జరిగాయి. కత్తి లేదు, రక్తం లేదు, జనం మాత్రం వచ్చారు. ఇజ్జత్‌నగర్ పరిశోధన సంస్థ అసీల్ రక్తంతో 'కారి నిర్భీక్' అనే పెరటి కోడిని తయారుచేసింది. మా బావకు ఉన్న చూపూ చేతివాటమూ అక్కడ పనికొస్తాయి. డేగ, కాకి, సేతు అనే మాటలూ అక్కడ బతుకుతాయి.

ప్రభుత్వాలు ముందు యాభై రూపాయల జరిమానాను సవరించాలి. తర్వాత కూలీ కోడిని వదిలి పెద్ద బరి నిర్వాహకుణ్ణి పట్టాలి. ఇక మనవాళ్లకు, భిలాయ్‌లో ఉన్నా భీమవరంలో ఉన్నా, నేను అడిగేది ఒక్కటే. వచ్చే భోగికి బరి వీడియో వస్తే ముందుకు పంపకండి. పంపినవాడికి ఫోన్ చేసి, పుంజు ఎలా ఉందని అడగండి.