మాటలు వస్తాయిలే అనుకునేలోపు

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

పొందూరులో నేటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, రాట్నం మీద సన్నని నూలు వడికే ఆడవాళ్లున్నారు. పక్కనే చీర ఉయ్యాల, అందులో బిడ్డ. రెండేళ్లు నిండినా వాడు రెండు మాటలు కలిపి అనకపోతే ఇంట్లో పెద్దవాళ్లది ఒకటే జవాబు: "మగపిల్లాడు కదమ్మా, నిదానంగా వస్తాయిలే." కొందరికి నిజంగానే వస్తాయి. చెవి వినపడక మాట రాని బిడ్డకు మాత్రం ఆ ఓదార్పే చేటు.

అంగన్‌వాడీలో బరువు తూస్తారు, జబ్బకు టేపు చుడతారు. 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు, అంటే తీవ్ర పోషకాహార లోపం. మంచిదే. కానీ పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతున్నాడా, కావలసింది వేలితో చూపిస్తున్నాడా, ఏడాదిన్నర దాటినా అడుగు వేయడం లేదా అన్నది ఏ టేపూ చెప్పదు.

అందుకే 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలన్నది నియమం. పసిబిడ్డకు ఆర్నెల్లంటే చిన్న గడువు కాదండీ! ఆ ఒక్కరోజు తల్లి పనిలో ఉంటే మళ్లీ ఎప్పుడో.

బృందం వచ్చే తేదీ వారం ముందే ఊళ్లో చాటించండి. నానమ్మల్ని, అమ్మమ్మల్ని కూడా పిలిపించండి, ఇంట్లో చెల్లేది వాళ్ల మాటే. అనుమానమున్న పిల్లలకు వినికిడి పరీక్ష నెలకో రోజు పొందూరులోనే జరిపించండి. పట్నానికి వెళ్తే వడికే మనిషికి ఆ పూట కూలి పోతుంది.

ఇట్లు,
పొందూరు వాసి