ఇంటిపేరు చూసి సంబంధం ఖాయం చేసుకుంటామా?



తెలుగు పండితునికి కంప్యూటర్ విడిభాగాలతో ఏమి పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. పని ఉన్నది. గేమింగ్ కంప్యూటర్ల అమ్మకంలో మధ్యతరగతి తండ్రులకు జరుగుతున్న అన్యాయంలో అధికభాగం భాష ద్వారా జరుగుతున్నది. దానిని ఖండించడం నలభై ఏళ్లు భాష చెప్పి బ్రతికినవాడి విధి అని నేను భావిస్తాను.

నా వాదం ఒక్కటే. ప్రతి భాగానికీ పూర్తి పేరు వ్రాసి ఇవ్వని కొటేషన్ మీద ఒక్క రూపాయి కూడా బయానా చెల్లించరాదు.

మా వీధిలో ఒక చిరుద్యోగి చీటీ పాడి తెచ్చిన నలభై అయిదు వేలతో, ఎనిమిదో తరగతి చదివే కుమారునికి కంప్యూటర్ కొన్నాడు. కొట్టువారిచ్చిన కాగితంలో ఉన్నవి నాలుగు పంక్తులు: ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్. వింటే ఎంత నిండుగా ఉన్నది! తీరా ఆ పిల్లవాడు కోరుకున్న ఆట తెరమీద నత్తనడక నడిచింది. టాస్క్ మేనేజర్ తెరిపించి చూస్తే ఐ7-3770 అని ఉన్నది. అది 2012లో విడుదలైన ప్రాసెసర్. యంత్రం వయస్సు, దానిముందు కూర్చున్న బాలుని వయస్సు ఇంచుమించు ఒక్కటే.

ఆ కాగితంలో ఒక్క అబద్ధమూ లేదు. దాని దుర్మార్గమంతా అందులోనే ఉన్నది.

ఐ7 అన్నది ఇంటిపేరు. 3770 అన్నది అసలు పేరు. ఇంటిపేరు చూసి సంబంధం ఖాయం చేసుకునే తండ్రి లోకంలో ఉంటాడా? ఈ పేర్ల వ్యాకరణం కష్టమైనదేమీ కాదు. 3770లో మొదటి అంకె మూడవ తరాన్ని, 12100లో మొదటి రెండంకెలు పన్నెండవ తరాన్ని తెలుపుతాయి. చివర ‘ఎఫ్’ ఉంటే ఆ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేదని, విడిగా కార్డు తప్పనిసరి అని అర్థం. 2022లో వచ్చిన ఐ3-12100 కూడా ఆ పాత ఐ7 వలెనే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు గలది. వేగంలో మాత్రం దానిని సునాయాసంగా మించిపోతుంది. పైగా విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అధికారికంగా అర్హత గల ఇంటెల్ ప్రాసెసర్ల జాబితాలో మూడవ తరం లేదు. అంటే ఆ తండ్రి కొన్నది కొన్నరోజే కాలం చెల్లిన సరుకు.

ఇక ‘4 జీబీ గ్రాఫిక్స్’. అది 2014 నాటి జీటీ 730. గాదె పెద్దదైనంత మాత్రాన పంట పెరగదు. మెమరీ ఎంత ఉన్నా పనిచేసే శక్తి లేని కార్డు ఆటను నడపలేదు. కొత్త సరుకులోనూ ఈ మాయ ఉన్నది. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 2022లో 8 జీబీ కార్డు వచ్చింది. 2024లో అదే పేరుతో 6 జీబీ కార్డు వచ్చింది. తగ్గింది మెమరీ మాత్రమే అనుకుంటారు కొనేవారు. కోర్లు 2560 నుండి 2304కు, మెమరీ దారి వెడల్పు 128 బిట్ల నుండి 96కు తగ్గాయి. పేరు మాత్రం తగ్గలేదు!

ఆటల యంత్రంలో డబ్బు ముందుగా ఎక్కడికి పోవాలో చిన్న లెక్క చెబుతుంది. 1920×1080 తెరమీద దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. సెకనుకు 60 చిత్రాలంటే 12.4 కోట్ల చుక్కలు. ఇవన్నీ చిత్రించవలసినది గ్రాఫిక్స్ కార్డు. కనుక మానిటర్ కాక మిగిలిన సొమ్ములో మూడవ వంతుకు పైగా, వీలైతే నూటికి నలభై, దానికే కేటాయించాలని నా నిశ్చితాభిప్రాయం. ప్రాసెసర్‌కు ఐ5-12400ఎఫ్ గాని, రైజెన్ 5 5600 గాని మధ్యతరగతి ఆటగానికి చాలును. రెండూ ఆరు కోర్లవి. చిల్లర పెట్టెలో వాటికి తగిన ఫ్యాను కూడా వస్తుంది. దాని మీద వేలు పోసి లిక్విడ్ కూలర్ బిగించడం దండుగ. ర్యామ్ 16 జీబీ ఒకే ముక్కగా కాక, ఎనిమిదేసి రెండుగా తీసుకోవాలి; అప్పుడే రెండు దారులా పనిచేస్తుంది.

రంగురంగుల దీపాల కేబినెట్‌కు ఎనిమిది వేలు పెట్టి, ఎస్‌ఎంపీఎస్‌ను వెయ్యి రూపాయలతో సరిపెట్టేవారిని చూస్తే, ప్రాసల కోసం అర్థాన్ని బలిచ్చిన కవులు గుర్తుకొస్తారు. కరెంటు ఒడుదుడుకులు మామూలైన మన ఊళ్ళలో మిగిలిన భాగాలన్నిటి ప్రాణం ఎస్‌ఎంపీఎస్ చేతిలో ఉన్నది. దానిమీది ‘80 ప్లస్’ ముద్ర కూడా విద్యుత్తు పొదుపునకు కొలమానమే గాని రక్షణకు హామీ కాదు. కనుక దాని కంపెనీ, మోడల్, వారంటీ ఏళ్ళు కాగితం మీద ఉండితీరాలి. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని 11వ శతాబ్దంలో కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు సిద్ధాంతీకరించాడు. యంత్రానికీ అంతే. ఒక భాగం ఘనత మరొక భాగం లేమిని కప్పిపుచ్చలేదు.

"కొట్టువాడు బ్రతకవద్దా?" అని అడిగే దయాళువులున్నారు. బ్రతకాలి. బిగించినందుకు కూలి, సరుకుమీద న్యాయమైన లాభం బాహాటంగా అడగమనండి, సంతోషంగా ఇద్దాం. పేరు దాచి తీసుకునే లాభాన్ని మాత్రం ఒప్పుకోలేము. "బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ తగ్గుతుంది" అనేవారికీ లొంగరాదు. రేపు కార్డు చెడితే వారంటీ అడిగే ఆధారం ఆ బిల్లే.

"ఆటలకు ఇంత సొమ్మా?" అని గద్దించే నా ఈడువారికి ఒక మాట. వద్దనుకుంటే కొనకండి, అది మీ ఇష్టం. కొనదలచినప్పుడు మాత్రం ‘ఎలాగూ ఆటలకే గదా’ అని కళ్ళు మూసుకోకండి. పెద్దల ఈ చిన్నచూపే ఆ నాలుగు పంక్తుల కాగితానికి పెట్టుబడి.

ఇంగ్లీషు అంకెలు చూసి జంకి, అడగడం నామోషీ అనుకొని, తలూపి డబ్బు కట్టే తల్లిదండ్రులు మన చుట్టూ ఎందరో. బ్లాగరులైన మీకు ఆ అంకెలు చదవడం వచ్చు. ఇరుగుపొరుగున ఎవరైనా కంప్యూటర్ కొనబోతుంటే ఆ కాగితం అడిగి చదవండి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్: ఈ ఆరింటికీ కంపెనీ, పూర్తి మోడల్ సంఖ్య, ధర విడివిడిగా ఉన్నాయేమో చూడండి. లేకపోతే వ్రాయించుకు రమ్మని తిప్పి పంపండి. వ్రాయనన్న కొట్టు మెట్లు ఆ క్షణమే దిగి రమ్మనండి.