లేత్ స్పిండిల్‌కి సర్వో మోటారు అవసరమా?

ముందే చెప్పేస్తున్నా, నేను మెకానికల్ వాణ్ణి కాదు. చదివింది కంప్యూటర్ సైన్సు, చేసేది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మోటార్ల గురించి రాయడానికి నాకున్న అర్హతల్లా ఒక్కటే: మా బావ చేత 38 వేలు ఖర్చు పెట్టించి, ఆయన లేత్‌ని మూడు వారాలు పడుకోబెట్టాను. ఆ మూడు వారాల పుణ్యమా అని నాకో గట్టి అభిప్రాయం ఏర్పడింది. చిన్న షెడ్డుల్లో సీఎన్‌సీగా మార్చుకున్న లేత్‌లకి స్పిండిల్ మీద సర్వో మోటారు చాలామందికి అక్కర్లేదు. అక్కర ఉన్నవాళ్ళు కూడా మోటారు కొనేముందు పుల్లీ గురించి ఆలోచించుకోవాలి. నేను ఈ రెండూ తలకిందులుగా చేశాను.

మాది ఇబ్రహీంపట్నం. హైదరాబాదు నుంచి సాగర్ రోడ్డు మీద వస్తుంటే ఊరికన్నా ముందు ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులే కనిపిస్తాయి. పక్కనే ఆదిబట్ల. అక్కడ తయారైన సికోర్‌స్కీ హెలికాప్టర్ల క్యాబిన్ మొదటిది 2010లో బయటికి వెళ్ళింది, 2018లో అపాచీ హెలికాప్టర్ల బాడీలు చేసే టాటా బోయింగ్ ఫ్యాక్టరీ మొదలైంది. అవి చూసి చూసి మావాళ్ళకి సీఎన్‌సీ అంటే ఒక మోజు. మా బావ చేసేది మాత్రం బోర్ మోటార్ల కప్లింగులు, అడాప్టర్లు, బుష్‌లు. బాలానగర్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత లేత్ ఒకటుంది. రెండేళ్ళ కింద దాని రెండు స్లైడ్లకీ స్టెప్పర్ మోటార్లు బిగించి, లినక్స్‌సీఎన్‌సీ వేసి నడిపించింది నేనే. అది బాగానే నడిచింది. అసలు గొడవంతా అక్కణ్ణుంచే మొదలు, ఎందుకంటే నాకు ధైర్యం ఎక్కువైపోయింది.

బావ అడిగింది చిన్న విషయం. "కంప్యూటర్ మీద థ్రెడ్డు గూడ కొట్టరాదా?" అన్నాడు. అప్పటిదాకా స్పిండిల్ తిప్పేది 3 హెచ్‌పీ ఇండక్షన్ మోటారు, మెట్ల పుల్లీ, బెల్టు. అది ఎంత స్పీడులో తిరుగుతోందో, ఏ కోణంలో ఉందో కంప్యూటర్‌కి తెలీదు. నేను రెండు రాత్రులు వీడియోలు చూసి తేల్చేశాను: ఆ మోటారు తీసేద్దాం, 1.8 కిలోవాట్ల సర్వో పెడదాం. 0 నుంచి 3000 ఆర్పీఎం దాకా ఎంతంటే అంత తిరుగుతుంది, పుల్లీ మెట్లు మార్చే బాధే ఉండదు, దాని వెనకాలే ఎన్‌కోడర్ ఉంటుంది. బావ పాత మోటారుని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాడు. (ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.)

సర్వో అనే మాటకి మూలం లాటిన్‌లో సేవకుడనే అర్థమున్న మాట. 1952లో ఎం.ఐ.టి. వాళ్ళు మొట్టమొదటి న్యూమరికల్ కంట్రోల్ మిల్లింగ్ మెషిన్ చూపించింది సర్వోమెకానిజమ్స్ ల్యాబొరేటరీలోనే. ఇక్కడికి రా అంటే సరిగ్గా అక్కడికే వచ్చి ఆగే పనికి సర్వోని మించింది లేదు. స్లైడ్లని నడపడానికి కావలసింది అదే. కానీ స్పిండిల్‌ది వేరే పని. దానిది ఇనుముని కోసే బరువు పని.

మొదటి రోజే తెలిసొచ్చింది. పుల్లీలు ఒకటికి ఒకటి వేశాం. చక్కులో 100 మిల్లీమీటర్ల ముక్క పెట్టి 300 ఆర్పీఎంలో 2 మిల్లీమీటర్ల లోతు కోత ఇచ్చాం. టూల్ తగలడం, చక్కు ఆగిపోవడం, డ్రైవ్ మీద ఓవర్‌లోడ్ అలారం రావడం అన్నీ ఒక్కసారే జరిగాయి. డ్రైవ్ చెడిపోయిందనుకుని అమ్మినవాడికి ఫోన్ చేసి గొడవ కూడా పెట్టుకున్నాను. పాపం అతని తప్పేం లేదు.

లెక్క చూడండి, ఎనిమిదో తరగతి లెక్కే. టార్క్‌ని ఆర్పీఎంతో గుణించి 9550తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. నా సర్వో నిలకడగా ఇచ్చేది సుమారు 6 న్యూటన్ మీటర్లు, స్పీడు ఎంతైనా అంతే. 3000 ఆర్పీఎంలో అది 1.8 కిలోవాట్లు. అదే 300లో? 188 వాట్లు. మన ఇంట్లో పచ్చడి రుబ్బే మిక్సీ అంత కంటే గట్టిది. కొన్ని క్షణాల పాటు మూడింతల టార్క్ ఇస్తుంది నిజమే, కానీ కోత కొన్ని క్షణాల్లో అయ్యేది కాదు కదా. పాత 3 హెచ్‌పీ మోటారు 1440 ఆర్పీఎంలో దాదాపు 14.6 న్యూటన్ మీటర్లిచ్చేది. మెట్ల పుల్లీతో దాన్ని 300కి దించితే, బెల్టు నష్టాలు వదిలేస్తే, చక్కు దగ్గర 70 వచ్చేది. నేను 70 తీసేసి 6 పెట్టాను. మళ్ళీ దాన్ని ఆధునికీకరణ అనుకున్నాను.

ఇంకో మాట. 25 మిల్లీమీటర్ల రాడ్డుని 1200 ఆర్పీఎంలో తిప్పినా, 100 మిల్లీమీటర్ల ముక్కని 300లో తిప్పినా టూల్ దగ్గర కోత వేగం ఒకటే, నిమిషానికి 94 మీటర్లు. అంటే అదే లోతు కోతకి రెండిటికీ ఒకే పవర్ కావాలి. ముక్క పెద్దదయ్యేకొద్దీ ఆర్పీఎం తగ్గాలి, పవర్ మాత్రం తగ్గకూడదు. సర్వో స్వభావం దీనికి సరిగ్గా వ్యతిరేకం, స్పీడు తగ్గితే పవరూ తగ్గుతుంది. పెద్ద సీఎన్‌సీ కంపెనీలు సర్వో మోటార్లనీ స్పిండిల్ మోటార్లనీ వేరువేరుగా ఎందుకు అమ్ముతాయో నాకు అప్పుడు అర్థమైంది. అంతకుముందు అది వ్యాపార జిమ్మిక్కు అనుకునేవాణ్ణి.

పుల్లీని రెండుకి ఒకటి చేశాం, మోటారు రెండు చుట్లు తిరిగితే చక్కు ఒక చుట్టు. టార్క్ రెట్టింపయింది. దాంతో ఇంకో పీడ కూడా తగ్గింది. మా చక్కు సుమారు 8 కిలోలు, 160 మిల్లీమీటర్లది. దాని జడత్వం మోటారు రోటర్ జడత్వం కంటే ఇరవై రెట్లు దాకా ఉంటుంది. అందుకే ట్యూనింగ్ ఎంత చేసినా గుర్రుమంటూ ఊగేది. పుల్లీ నిష్పత్తి రెండైతే ఆ జడత్వం మోటారుకి నాలుగో వంతే తెలుస్తుంది, వర్గం ప్రకారం తగ్గుతుంది కాబట్టి. నాలుగు రోజులు గెయిన్ పారామీటర్లతో కుస్తీ పట్టి సాధించలేనిది ఒక అల్యూమినియం పుల్లీ అరగంటలో చేసింది. దానికి తోడు, ఆపమనగానే ఓవర్‌వోల్టేజ్ అలారం వచ్చేది. 1500 ఆర్పీఎంలో తిరిగే ఆ చక్కులో 300 జౌళ్ళకు పైగా శక్తి ఉంటుంది, అర సెకనులో ఆపితే అదంతా తిరిగి డ్రైవ్‌లోకే వస్తుంది. బయట ఒక బ్రేకింగ్ రెసిస్టర్ పెట్టి, ఆగే సమయం 3 సెకన్లు చేస్తే పోయింది.

కంప్యూటర్‌తో కలపడం మాత్రం నాకు పండగే. ఎన్‌కోడర్ చుట్టుకి 10,000 కౌంట్లు, 3000 ఆర్పీఎం అంటే సెకనుకి 50 చుట్లు, అంటే సెకనుకి 5 లక్షల పల్సులు. పాత ప్యారలల్ పోర్టుతో అయ్యే పని కాదు. కాబట్టి పొజిషన్ మోడ్ వదిలేసి స్పీడ్ మోడ్ పెట్టి, 0-10 వోల్టులిచ్చే కార్డు వేశాను. 10 వోల్టులకి 3000 ఆర్పీఎం. చక్కగా తిరిగింది. నేను ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో కూడా పెట్టాను :-)

ఆ సాయంత్రమే జరిగింది చెప్తాను. మా షెడ్డులో చాచా ఉన్నాడు, హెచ్.ఎం.టి. లేత్‌ల మీద ముప్పై ఏళ్ళు చేయి తిరిగిన టర్నర్. ప్రోగ్రాం అయిపోయి చక్కు ఆగింది. చాచా చక్కు తాళం పెట్టి ముక్క విప్పబోతుంటే చక్కు మెల్లగా, గడియారం ముల్లులాగా కదిలింది. చాచా చెయ్యి తీసేశాడు, ఏమీ కాలేదు. కారణం వెతికితే, సున్నా అనుకున్న చోట కార్డు నుంచి 10 మిల్లీవోల్టులు వస్తున్నాయి. అంటే మోటారు 3 ఆర్పీఎం, చక్కు ఒకటిన్నర. పాత మోటారైతే కాంటాక్టర్ తెగితే తెగినట్టే, దానికి మిల్లీవోల్టుల సంగతి తెలీదు. సర్వో ఆగినట్టు కనిపిస్తుంది గానీ నిజానికి ఆజ్ఞ కోసం కాచుకుని ఉంటుంది. అప్పటినుంచి స్టాప్ ఆజ్ఞ రాగానే సర్వో ఎనేబుల్ కూడా పడిపోయేలా చేశాను, ఎమర్జెన్సీ స్విచ్‌కి డ్రైవ్ మెయిన్ కరెంటునే తెంపే కాంటాక్టర్ పెట్టాను. స్పిండిల్ మీద సర్వో పెట్టేవాళ్ళు ఇంకేం చేసినా చెయ్యకపోయినా ఈ రెండూ మోటారు తిప్పడానికి ముందే చెయ్యాలి. నేను తర్వాత చేశాను, నాకు సిగ్గేసింది.

ఇక అసలు థ్రెడ్డు కథ. థ్రెడ్డు ఒక్క కోతతో రాదు, ఏడెనిమిది సార్లు అదే గాడిలో టూల్ నడవాలి. ప్రతిసారీ చక్కు అదే కోణంలో ఉన్నప్పుడు బయల్దేరాలి. అందుకు ఎన్‌కోడర్ చుట్టుకి ఒకసారి ఒక ఇండెక్స్ పల్స్ ఇస్తుంది. కానీ నా ఎన్‌కోడర్ ఉన్నది మోటారు మీద. పుల్లీ రెండుకి ఒకటి. అంటే చక్కు ఒక చుట్టు తిరిగేలోపు ఇండెక్స్ రెండుసార్లు వస్తుంది! ఒక కోత ఇక్కడ, ఇంకో కోత సరిగ్గా ఎదురుగా మొదలై మొదటి ముక్క రెండు గాడుల థ్రెడ్డుగా తయారైంది.

సాఫ్ట్‌వేర్ వాడికి ఇదో సమస్యా? పదిహేను లైన్ల కోడ్ రాశాను, రెండు ఇండెక్సుల్లో ఒకదాన్ని వదిలెయ్ అని. పళ్ళ బెల్టు కాబట్టి జారదు. రెండు రోజుల్లో నలభై అడాప్టర్లు తీశాం, అన్నీ బాగానే వచ్చాయి. మూడో రోజు ఒక రైతు బోరు పంపు షాఫ్ట్ తెచ్చాడు. నాట్ల టైము, మోటారు పైకి తీసి పెట్టుకున్నాడు. నాలుగో కోతలో ఉండగా ఈదురుగాలికి కరెంటు పోయింది. అరగంటకి వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాను. ఏ ఇండెక్స్ అసలుది, ఏది వదిలెయ్యాల్సింది అన్న సంగతి నా ప్రోగ్రాంలో ఒక వేరియబుల్‌లో ఉండేది. అది కరెంటుతో పాటే పోయింది. బొమ్మా బొరుసా అన్నట్టు పడింది, నాకు బొరుసు పడింది. మిగతా కోతలు పాత గాడుల మధ్య మిట్టల మీదుగా నడిచాయి. షాఫ్ట్ పాడైంది. బావ మర్నాడు పొద్దున్నే రాణిగంజ్ పోయి సొంత డబ్బుతో కొత్త షాఫ్ట్ తెచ్చిచ్చాడు. రైతు ఏమీ అనలేదు, ఒక రోజంతా షెడ్డు బయట కూర్చున్నాడు, అంతే.

చాచా అన్నాడు: "థ్రెడ్డు తీసేది మోటారు గాదు బేటా. చక్కు ఎంత తిరిగిందో చూసి టూల్ నడవాలె, గంతే." మామూలు లేత్ మీద ఆయన థ్రెడ్డు తీసేటప్పుడు లీడ్ స్క్రూకి తగిలించిన డయల్ చూసి, అదే గీత వచ్చినప్పుడు హాఫ్ నట్ వేస్తాడు. నా ఇండెక్స్ పల్స్ చేసే పని అదే. తేడా ఏంటంటే, ఆయన లెక్క గేర్ల పళ్ళలో ఉంటుంది. కరెంటు పోతే గేర్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఆ మాట పట్టుకుని ఆలోచిస్తే, అసలు థ్రెడ్డుకి సర్వోతో పనే లేదు. లినక్స్‌సీఎన్‌సీలో స్లైడ్ స్పిండిల్‌ని చూసి నడుస్తుంది. స్పిండిల్‌ని తిప్పేది సర్వో అయినా ఇండక్షన్ మోటారైనా దానికి ఒకటే. కావలసిందల్లా స్పిండిల్ తోకకే, ఒకటికి ఒకటిగా తగిలించిన ఎన్‌కోడర్. మూడు వేల లోపు పని. పాత 3 హెచ్‌పీ మోటారు అలాగే ఉంచి ఎన్‌కోడర్ ఒక్కటి పెట్టి ఉంటే బావ అడిగింది మొదటి వారంలోనే అయిపోయేది. స్పీడు మార్చడానికి కావాలంటే ఒక వీఎఫ్‌డీ.

మరి సర్వో ఎవరికి? స్పిండిల్‌ని కోరిన కోణంలో ఆపి పట్టుకుని, పక్కనుంచి రంధ్రాలు వేసేవాళ్ళకి. చక్కుని ముందుకీ వెనక్కీ లెక్క ప్రకారం తిప్పి ట్యాపింగ్ చేసేవాళ్ళకి. చిన్న రాడ్లని ఎక్కువ స్పీడులో, తక్కువ కోతతో వేలకొద్దీ తీసేవాళ్ళకి. వాళ్ళకి అది నిజంగా అద్భుతం, కాదనను. బోరు కప్లింగులు, పెద్ద ఫ్లాంజ్‌లు చేసే మా సాగర్ రోడ్డు షెడ్లకి కాదు.

నాకున్న జబ్బు ఏంటో కూడా చెప్పుకోవాలి. ఏ తేడా వచ్చినా పారామీటర్ మారిస్తే పోతుంది, లేదంటే నాలుగు లైన్లు రాస్తే పోతుంది అనుకోవడం. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివినప్పుడు మొదటి ఏడాది వర్క్‌షాప్‌లో లేత్‌ని దూరం నుంచి చూపించారు. చక్కు తాళం చేతిలోకి తీసుకున్నది మాత్రం బావ షెడ్డులోనే.

ఇప్పుడు ఆ లేత్ మీద సర్వో అలాగే ఉంది, తోకకి కొత్త ఎన్‌కోడర్ ఉంది, కరెంటు పోయినా గాడి తప్పట్లేదు. పెద్ద ముక్కలు మాత్రం బావ బయట వేరే షెడ్డుకి పంపుతున్నాడు, కూలీ ఇచ్చి. ఇంకో పాత లేత్ అమ్మకానికుందని విన్నాం. దానికి 3 హెచ్‌పీ మోటారు, వీఎఫ్‌డీ, ఎన్‌కోడర్ నా ఖర్చుతో పెట్టిస్తానన్నాను. బావ ఇంకా సరే అనలేదు. చాచాని అడిగి చెప్తాడట.